ఆకలి మందు కాదు, ఆకలి వేళ కావాలి



బడులు తెరిచిన నెల రోజులకు దవాఖానాకు వచ్చే తల్లులు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. "హకీమ్ సాబ్, పిల్లవాడు ఏమీ తినడం లేదు. డబ్బా పెట్టింది పెట్టినట్టే వెనక్కి తెస్తున్నాడు. ఆకలి పుట్టడానికి ఏదైనా మంచి జవారిష్ రాసివ్వండి" అంటారు.

అలాంటప్పుడు నేను మందు రాసే ముందు ఒక కాగితం ఇస్తాను. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా పిల్లవాడి నోట్లోకి వెళ్ళినవన్నీ వరుసగా రాయమంటాను. చాలా ఇళ్ళలో ఆ జాబితా దాదాపు ఒకేలా ఉంటుంది. లేవగానే టీ, అందులో రెండు బిస్కెట్లు. బడికి వెళ్ళే దారిలో ఒక చిప్స్ పాకెట్. ఇంటర్వెల్‌లో చాక్లెట్. మధ్యాహ్నం నాలుగు ముద్దలు. సాయంత్రం రాగానే కుర్‌కురే, ఆ తర్వాత నూడుల్స్. రాత్రి పది గంటలకు నిద్రమత్తులో తల్లి బలవంతాన తినిపించిన అన్నం.

"ఏమీ తినడం లేదు" అన్న పిల్లవాడు ఏడుసార్లు తిన్నాడు. కానీ ఒక్కసారి కూడా ఆకలితో తినలేదు, ఒక్కసారి కూడా కడుపు నిండా మంచి తిండి తినలేదు. ఈ పిల్లవాడికి కావలసింది ఆకలి పుట్టించే మందు కాదు. ఆకలి పుట్టడానికి కాస్త వ్యవధి, పుట్టిన వేళకు ఎదురుగా సరైన తిండి. ఈ వారం పాఠం దీని గురించే.

యునానీ ఏం చెబుతుంది?

మన వైద్యంలో ఆరోగ్యానికి ఆధారమైన ఆరు తప్పనిసరి విషయాలు ఉన్నాయి. వాటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండి-నీరు, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, శరీరంలో ఉండవలసినది ఉండడం-పోవలసినది పోవడం. వీటిలో ఏ ఒక్కటి చెడినా మందు పూర్తిగా పని చేయదు. చికిత్సలో కూడా ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహారంతో చికిత్స, ఒక ప్రత్యేకమైన పద్ధతి. తిండితో సరిపోయే చోట మందుకు పోకూడదన్నది హకీములు పాటించే నియమం.

ఇబ్న్ సీనా (980-1037) వంటి మన పెద్దలు పిల్లల మిజాజ్‌ను వేడి, తేమ కలిసినదిగా చెప్పారు. ఎదిగే వయసు కాబట్టి శరీరం తిండిని త్వరగా వాడుకుంటుంది, త్వరగా మళ్ళీ అడుగుతుంది. అందుకే పెద్దల్లా రెండు పూటలు పెడితే పిల్లలకు చాలదు. అయితే తిన్నది అరగక ముందే దాని మీద మళ్ళీ తినడం మేదాకు హాని అని కూడా వారే హెచ్చరించారు. పొయ్యి మీద అన్నం సగం ఉడికాక కొత్త బియ్యం పోస్తే ఏమవుతుంది? పాతవి మెత్తబడిపోతాయి, కొత్తవి పలుకుగా మిగిలిపోతాయి. పిల్లల కడుపు సంగతీ అంతే. గంటకోసారి ఏదో ఒకటి నములుతూ ఉంటే అసలు భోజనం వేళకు ఆకలి ఉండదు.

కాబట్టి రెండు మాటలు గుర్తుంచుకోండి. పిల్లలకు తరచుగా పెట్టాలి, కానీ వేళకు పెట్టాలి. రెండు వేళల మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు.

మక్తబ్‌కూ బడికీ మధ్య

మన ఇళ్ళలో పిల్లల పొద్దు ఇరుగు పొరుగు పిల్లల కన్నా ముందుగా మొదలవుతుంది. ఫజర్ తర్వాత మక్తబ్‌కు వెళ్తారు. ఎనిమిది గంటలకు తిరిగి వచ్చి, యూనిఫాం వేసుకుని, టీ తాగి బడికి పరుగెత్తుతారు. రాత్రి ఎనిమిదింటికి తిన్న అన్నం తర్వాత సరైన తిండి కడుపులో పడేది మర్నాడు మధ్యాహ్నమే. అంటే సుమారు పదహారు గంటలు. ఇంటర్వెల్‌లో పిల్లవాడు చిప్స్ కొన్నాడంటే అది వాడి చెడ్డ బుద్ధి కాదు, ఖాళీ కడుపు.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. మక్తబ్‌కు వెళ్ళే ముందు తేలికగా ఏదైనా ఇవ్వండి. అరగ్లాసు రాగి జావ, లేదా ఒక అరటిపండు, లేదా రెండు ఖర్జూరాలతో అరగ్లాసు పాలు. వచ్చాక కూర్చోబెట్టి నాష్తా పెట్టండి. ఇడ్లీ, పప్పు కలిపిన ఖిచిడీ, పెసరట్టు, జొన్నరొట్టెతో గుడ్డు, ఏదైనా సరే. ఇందుకు ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవై నిమిషాలు దొరకాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా పిల్లలు పడుకోవాలి. నిద్ర, తిండి రెండూ ఒకే గొలుసులోని రింగులు.

మక్తబ్ నడిపే పెద్దలకు ఒక మనవి. మీ దగ్గర చదివే పిల్లల్లో ఎంతమంది ఖాళీ కడుపుతో వస్తున్నారో ఒక్క వారం అడిగి చూడండి. బడి రోజుల్లో పాఠం పావుగంట ముందు ముగించినా చాలు, ఎన్నో ఇళ్ళలో నాష్తా కుదురుతుంది. ఆకలితో ఉన్న పిల్లవాడికి సబఖ్ కూడా తలకెక్కదు.

టీ గురించి ఒక మాట. పొద్దున్నే పిల్లలకు టీ ఇవ్వడం మనలో అలవాటైపోయింది. టీ తాత్కాలికంగా ఆకలిని చంపుతుంది. అంతేకాదు, అందులోని వగరు పదార్థం తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పదేళ్ళ లోపు పిల్లలకు టీ అవసరమే లేదు. పెద్ద పిల్లలు తాగినా భోజనానికి ఒక గంట ఎడం ఉండాలి.

డబ్బాలో ఏం పెట్టాలి?

డబ్బాకు మూడు గుణాలుండాలి. పిల్లవాడు పది నిమిషాల్లో తినగలగాలి, మధ్యాహ్నం దాకా పాడు కాకూడదు, అందులో అన్నంతో పాటు పప్పో, గుడ్డో, గింజో ఒకటి తప్పకుండా ఉండాలి. ఉట్టి పులిహోర, ఉట్టి లెమన్ రైస్ కడుపు నింపుతాయి గాని ఒళ్ళు పెంచవు. అందులోనే గుప్పెడు వేరుశనగలు, ఉడికించిన శనగలు కలిపితే అదే మంచి తిండి అవుతుంది.

మనం ఎక్కడ స్థిరపడ్డామో అక్కడి నేల మంచి తిండినే ఇస్తోంది. దాన్ని వదిలిపెట్టి పాకెట్ల వెంట పడడమే విచారకరం. కోలారు, హోసూరు వైపు ఉన్నవారికి రాగి ఉంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మునగాకు కలిపిన రాగి రొట్టె డబ్బాకు చక్కగా పనికొస్తుంది. బళ్ళారి, షోలాపూర్, నాందేడ్ వైపు వారికి జొన్న ఉంది. వేడినీళ్ళతో పిండి కలిపి పలుచగా చేసిన జొన్నరొట్టెలో పల్లీల పొడి, కాస్త నెయ్యి రాసి చుట్టి ఇస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. బరంపురం వైపు ఇళ్ళలోనూ రాగి జావ కొత్తది కాదు, అక్కడి వారు దాన్ని మాండియా జావు అంటారు. యానాంలో చిన్న చేపలకు కొదవ లేదు. ముల్లుతో సహా తినే మెత్తళ్ళ వంటి చిన్న చేపలు ఎముకలకు మంచివి. ఉప్పు పట్టించి ఎండబెట్టినవి మాత్రం రోజూ వద్దు.

మాంసం, చేప డబ్బాలో పెట్టకండి. మన ఎండలకు నాలుగైదు గంటల్లో అవి చెడిపోవచ్చు. ఖీమా, కలేజీ, చేపల పులుసు ఇంట్లో రాత్రి భోజనానికి ఉంచండి. వేడి వేడి అన్నం ప్లాస్టిక్ డబ్బాలో వేయకండి, స్టీలు డబ్బా వాడండి. నీళ్ళ సీసా ఇచ్చారో లేదో చూడండి. కొందరు ఆడపిల్లలు బడిలో మరుగుదొడ్డికి వెళ్ళడానికి ఇష్టపడక నీళ్ళు తాగడమే మానేస్తారు. మలబద్ధకం, మూత్రంలో మంట అక్కడి నుంచే మొదలవుతాయి. ఈ సంగతి తల్లి మాత్రమే అడిగి తెలుసుకోగలదు.

గేటు దగ్గర దుకాణం

బడి గేటు దగ్గర తీపి, ఉప్పు, నూనె ఎక్కువగా ఉన్న తినుబండారాలు పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నియమాలు చేసింది. బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా వీటి అమ్మకం కూడదు. 2025లో సీబీఎస్‌ఈ తన బడులన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కళ్ళెదుట చూపడం దీని ఉద్దేశం. నియమాలు మంచివే. కానీ అవి పనిచేయాలంటే తల్లిదండ్రులు బడికి వెళ్ళి అడగాలి.

లెక్క చూడండి. ఒక పిల్లవాడికి రోజుకు 1600 కేలరీల తిండి కావాలనుకుందాం. అందులో విడిగా కలిపిన చక్కెర వాటా 10 శాతం మించకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతం అంటే 20 గ్రాములు. ఒక చిన్న సీసా, 200 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకులోనే సుమారు అంత చక్కెర ఉంటుంది. అంటే ఒక్క సీసాతో ఆ రోజు వాటా అయిపోయింది. ఇక టీలో చక్కెర, బిస్కెట్, చాక్లెట్ అన్నీ అదనమే.

రోజుకు 10 రూపాయలు చేతిలో పెట్టి పంపే ఇంట్లో, 200 బడి రోజులకు 2000 రూపాయలు పాకెట్లకు పోతాయి. అదే 10 రూపాయలకు ఒక గుడ్డు వస్తుంది, లేదా గుప్పెడు వేయించిన శనగలూ ఒక చిన్న బెల్లం ముక్కా వస్తాయి. డబ్బు ఇవ్వడం ఒక్కసారిగా ఆపేస్తే పిల్లలు నొచ్చుకుంటారు. వారానికి ఒక రోజు, జుమా రోజు అనుకోండి, వాళ్ళకిష్టమైనది తిననివ్వండి. మిగతా రోజుల్లో డబ్బాలోనే చిన్న గిన్నెలో పల్లీలు, జామకాయ ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న గింజలు పెట్టండి.

బడి భోజనానికి సిగ్గుపడకండి

సర్కారు బడిలో చదివే కొందరు పిల్లలు అక్కడి భోజనం తినరు. ఇంట్లో వాళ్ళే "మనం అంత లేనివాళ్ళమా?" అంటారు. మరికొందరు హలాల్ గురించి సందేహపడతారు. బడిలో పెట్టేది అన్నం, పప్పు, కూర, గుడ్డు. వీటిలో సందేహానికి తావు లేదు.

ఈ పథకానికి 2021లో పీఎం పోషణ్ అని పేరు మార్చారు. లెక్క ప్రకారం చిన్న తరగతుల పిల్లవాడికి ఒక పూటకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు రావాలి. అందులో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాములు. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న ప్రాథమిక బడి పిల్లలకు ఉదయం నాష్తా పథకం కూడా మొదలైంది. మరుసటి ఏడు దాన్ని రాష్ట్రంలోని సర్కారు ప్రాథమిక బడులన్నిటికీ విస్తరించారు. కర్ణాటకలో 2024లో గుడ్డు ఇచ్చే రోజులను వారానికి ఆరుకు పెంచారు, గుడ్డు తినని పిల్లలకు అరటిపండు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇది ఎవరి దయా కాదు, మన పిల్లల హక్కు. భోజనం బాగా లేకపోతే మానిపించకండి. తల్లులు నలుగురు కలిసి వెళ్ళి రుచి చూసి, బాగు చేయమని అడగండి.

ఆడపిల్లల రక్తం సంగతి

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. అంటే పదిమందిలో దాదాపు ఆరుగురు. మెట్లెక్కితే ఆయాసం, చదువులో ధ్యాస నిలవకపోవడం, కనురెప్ప లోపల పాలిపోయి ఉండడం, బలపం, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం, ఇవన్నీ దాని గుర్తులు. "అమ్మాయి బద్ధకిష్టి" అని తిట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

దీనికి మూలం చాలాసార్లు మన దస్తర్‌ఖాన్ మీదే ఉంటుంది. మాంసం ముక్కలు ముందు మగవాళ్ళకు, తర్వాత మగపిల్లలకు, చివరికి మిగిలిన పులుసు తల్లికీ ఆడపిల్లకూ. ఈ వరుస మారాలి. నెలసరి మొదలైన అమ్మాయికి అన్న కన్నా ఎక్కువ ఇనుము కావాలి. వారానికొకసారైనా మేక కలేజీలో రెండు ముక్కలు ఆ పిల్ల పళ్ళెంలో పడాలి. తోటకూర, మునగాకు, శనగలు, నువ్వులు, రాగులు తరచుగా ఉండాలి. వాటితో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ తిన్నా ఇనుము బాగా పడుతుంది. ఖర్జూరం, బెల్లం మంచివే గాని, తక్కువైన రక్తాన్ని అవి మాత్రమే నింపలేవు.

బడిలో వారానికోసారి ఇచ్చే ఇనుము మాత్రను మానిపించకండి. చిన్న తరగతుల వారికి గులాబీ రంగుది, పదేళ్ళు దాటిన వారికి నీలం రంగుది ఇస్తారు. అలాగే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఈ మాత్రల గురించి మన వీధుల్లో ఏవేవో పుకార్లు వినిపిస్తుంటాయి. యునానీ వైద్యం చేసే నేను చెబుతున్నాను, నిశ్చింతగా వేయించండి. ఇనుము మాత్ర భోజనం చేశాకే వేసుకోవాలి. మలం నల్లగా రావచ్చు, భయపడనక్కరలేదు. పిల్లకు తలసేమియా వంటి రక్త జబ్బు ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

పిల్లలతో ఎలా మెలగాలి?

బలవంతంగా ముక్కు మూసి తినిపించకండి. తిండి అంటే భయం పుడితే అది పెద్దయ్యాకా పోదు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తల్లి నిర్ణయించాలి. ఎంత తినాలో పిల్లవాడి ఆకలి నిర్ణయించాలి.

కొత్త కూర మొదటిసారి వద్దంటే వదిలేయకండి. నాలుగు రోజులు ఆగి మళ్ళీ ఒక చెంచా పెట్టండి. ఎనిమిది, పదిసార్లు చూశాక చాలామంది పిల్లలు తింటారు. "బీరకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అనకండి. ఆ మాటతో బీరకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టు అవుతుంది.

రోజుకు ఒక పూటైనా ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోండి. చేతులు కడుక్కుని, బిస్మిల్లాహ్ చెప్పి, ఫోను, టీవీ కట్టేసి తినండి. తండ్రి ఆకుకూరను పక్కకు నెట్టేస్తూ కొడుకును తినమంటే ఎలా తింటాడు? డబ్బా వెనక్కి వచ్చిన రోజు కోప్పడకుండా కారణం అడగండి. తినడానికి సమయం చాలలేదా, చల్లారి గట్టిపడిందా, తోటి పిల్లలు ఎగతాళి చేశారా? మూడింటికీ మందు వేరు వేరు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

వేళలు సరిచేశాక రెండు మూడు వారాల్లో ఆకలి కుదుటపడాలి. అలా కాకుండా బరువు తగ్గుతున్నా, తరచూ కడుపునొప్పి అంటున్నా, విరేచనాలు ఆగకపోయినా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, దాహం, మూత్రం రెండూ ఎక్కువై పిల్ల చిక్కిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. చివర చెప్పినవి పిల్లల్లో వచ్చే చక్కెర జబ్బు గుర్తులు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఎవరో చెప్పారని కుష్తాలు, పేరు లేని పొడులు పిల్లలకు ఇవ్వకండి. జవారిష్, ఖమీరా వంటివి కూడా హకీము పిల్లను చూసి, వయసును బట్టి మోతాదు చెప్పాకే ఇవ్వాలి. వాటిలోనూ చక్కెరో తేనో ఉంటుంది.

ఈ వారం ఇంటిపని

ఒక కాగితం మీద ఈ వేళలు రాసి వంటింటి గోడకు అంటించండి.

పొద్దున 6: మక్తబ్‌కు ముందు తేలికపాటి తిండి.
8 గంటలకు: నాష్తా.
ఇంటర్వెల్‌లో: పండు గాని, గుగ్గిళ్ళు గాని.
మధ్యాహ్నం: బడి భోజనం లేదా డబ్బా.
సాయంత్రం 4.30: పాలు, పల్లీలు, లేదా ఇంట్లో చేసిన ఏదైనా ఉపాహారం. తర్వాత గంట సేపు ఆట.
రాత్రి 7.30: అందరితో కలిసి భోజనం.
9.30: నిద్ర.

ఏడు రోజులు ఈ వేళలు పాటించి చూడండి. మొదటి రెండు మూడు రోజులు పిల్లలు మారాం చేస్తారు. నాలుగో రోజు సాయంత్రం "అమ్మీ, ఆకలేస్తోంది" అని పిల్లవాడే వంటింట్లోకి వస్తే, ఆ మాట వెయ్యి జవారిష్‌ల పెట్టు. ఆ వేళకు పళ్ళెంలో మంచి తిండి సిద్ధంగా ఉంచండి.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, చదువును, మంచి నడవడిని ప్రసాదించుగాక. ఆమీన్.